ఉప్పు తక్కువైంది

ఆ ఇంట్లో "ఉప్పు తక్కువైంది" అంటే ఉప్పు తక్కువైందని కాదు. కూర తక్కువైందని.

అత్తగారు బడి క్యాంటీన్‌లో వంటమనిషిగా చేసేది. రోజూ మూడొందల మంది పిల్లలకి గరిటె తిప్పి వచ్చి, ఇంట్లో తన ఇద్దరు పిల్లలకి ఏం పెట్టాలా అని గిన్నె అడుగు చూసుకున్న రోజులవి. చెప్పాపెట్టకుండా ఎవరైనా చుట్టాలు భోజనం వేళకి దిగితే, ఆవిడ వంటింట్లోంచే "ఉప్పు కాస్త తక్కువైందర్రా" అని కేకేసేది. అంతే. పిల్లలిద్దరూ నాలుగు ముద్దలు తిని "మాకు చాలమ్మా, కడుపు నిండిపోయింది" అంటూ లేచి చేతులు కడుక్కునేవాళ్ళు. వచ్చినవాళ్ళు తృప్తిగా తినేవాళ్ళు. ఇంటి పరువు నిలబడేది.

కోడలు కాపురానికొచ్చిన మొదటి వారంలోనే ఈ మాట చెవిన పడింది. పాపం, ఉప్పు డబ్బా పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. అన్నం తింటున్న మొగుడికి పొలమారింది. ఆడపడుచు నవ్వాపుకోలేక పక్కగదిలోకి పారిపోయింది. ఆ తరవాత చాన్నాళ్ళు ఆవిడ వదినని "ఉప్పుడబ్బా" అనే పిలిచింది.

రోజులు మారాయి. కొడుకు లిఫ్టులు బాగుచేసే పనిలో కుదురుకున్నాడు. కోడలు యూనిఫాంలు కుట్టే కార్ఖానాలో కాలర్లు కుడుతోంది. గిన్నె అడుగు చూసుకునే రోజులు పోయాయి, వాటితోపాటు ఆ మాటా మూలపడింది. మూలపడిందనే కోడలు అనుకుంది.

డెబ్భై ఏళ్ళొచ్చినా అత్తగారు సముద్రం చూడలేదు. టీవీలో వస్తే మాత్రం కుర్చీ ముందుకి జరుపుకునేది. అది చూసి చూసి కోడలే పట్టుబట్టింది, ఈసారి సెలవులకి అయిదు రోజులు సముద్రం దగ్గరికే వెళ్దామని. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు, ఇసకలో నడవలేదు, కాబట్టి కిటికీలోంచి నీళ్ళు కనపడే గదే కావాలంది. దొరికింది. అద్దె వినేసరికి మొగుడు చెవి వేలుతో తిప్పుకుని మళ్ళీ అడిగాడు.

"గది తగ్గించలేం, బస్సు తగ్గించలేం. ఇక తగ్గేది కడుపొక్కటే" అన్నాడు.

"పిండి కొద్దీ రొట్టె. నాకొదిలేయండి" అంది కోడలు.

బయల్దేరే ముందు ఆడపడుచు ఫోన్ చేసింది. "వదినా, మా అమ్మకి సముద్రం చూపించే హడావిడిలో అన్నం చూపించడం మర్చిపోకు."

"నువ్వు ఉప్పు పంపించు, అన్నం నేను చూసుకుంటాలే" అంది కోడలు. ఇద్దరూ నవ్వుకున్నారు. కానీ ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. వెళ్ళిన మనిషిని వెళ్ళినట్టు తిరిగి తీసుకురాకపోతే ఆడపడుచు ముందు తలెత్తుకోలేదు.

గది చిన్నదే. రెండు మంచాలు, నీళ్ళు కాచుకునే కెటిల్, ఉప్పుగాలికి తుప్పుపట్టిన కిటికీ చువ్వలు. చువ్వల అవతల మాత్రం ఆ చివర నుంచి ఈ చివరికి నీళ్ళే. అత్తగారు సంచి కింద పెట్టకుండానే కిటికీ పట్టుకుని నిలబడిపోయింది. "ఇంత నీళ్ళు పెట్టుకుని ఒక్క గుక్క తాగడానికి లేదటగా! ఎవరి వంటో గానీ ఉప్పు చెయ్యి జారింది" అంది. అందరూ పగలబడి నవ్వారు. ఏడేళ్ళ మనవరాలు బుడంకాయ అయితే మంచం మీద దొర్లింది.

పొద్దున టిఫిన్ గది అద్దెలోనే. రొట్టె ముక్కలు, ఉడకబెట్టిన గుడ్డు, ఎంత తింటే అంత. కోడలు మొదటిరోజే లెక్క కుదిర్చేసింది. పొద్దున గట్టిగా తినాలి. తిన్నాక ఒక్కొక్కరూ రెండేసి రొట్టె ముక్కలు కాగితంలో చుట్టి సంచిలో వెయ్యాలి, సాయంత్రానికి అవే. మధ్యాహ్నం ఒక్కపూట బయట భోజనం, నలుగురికి మూడు ప్లేట్లు. రాత్రికి అరటిపళ్ళు. దాహమేస్తే గదిలో నింపుకున్న సీసా. రంగునీళ్ళ జోలికి పోకూడదు.

"మీ అమ్మ సముద్రాన్ని కూడా కాగితంలో చుట్టి తెచ్చేస్తుంది చూడు" అన్నాడు మొగుడు కూతురితో.

గుడ్డ మీద ఒక్క అంగుళం వృథా పోనివ్వని చెయ్యి ఆమెది. కార్ఖానాలో అందరికన్నా ఎక్కువ కాలర్లు తీసేది ఆమే. అయితే ఆ పనిలో ఒక సంగతుంది. ఎంత పొదుపుగా కత్తిరించినా కుట్టు కోసం అంచున కాస్త వదలాలి. అది కూడా కత్తిరించేస్తే చూడ్డానికి బానే ఉంటుంది, తొడుక్కున్నాక విడిపోతుంది.

రెండోరోజు మధ్యాహ్నం పడవల రేవు పక్కన ఒక చిన్న హోటల్లో కూర్చున్నారు. మూడు ప్లేట్లు వచ్చాయి. మొగుడు ఒక చెంచా నోట్లో పెట్టుకుని మొహం చిట్లించాడు.

"ఉప్పు తక్కువైందమ్మా" అన్నాడు, తల్లి వైపు తిరిగి.

నిజంగానే కూరలో ఉప్పు లేదు. వంట తెలిసిన మనిషని తల్లితో అన్నాడు, అంతే. అప్పటికి ఆవిడ చెంచా ముంచింది గానీ నోటిదాకా తీసుకెళ్ళలేదు. ఒక్క క్షణం కొడుకు మొహం చూసి చెంచా కింద పెట్టేసింది.

"నాకు చాలర్రా. పొద్దున తిన్న రొట్టె ఇంకా గొంతులోనే ఉంది" అంటూ తన వంతు మనవరాలి వైపు జరిపింది. బుడంకాయ లొట్టలేసుకుంటూ తినేసింది.

కోడలు చూసింది. చూడలేదంటే అబద్ధం. ఆ పళ్ళెం జరగడం చూసినప్పుడు ఆమె మనసులో మెదిలింది ఒకటే మాట: రేపటి నుంచి రెండు ప్లేట్లు చాలేమో. అమ్మయ్య అనిపించింది. ఆ అమ్మయ్యే తరవాత ఆమెని నిద్రపోనివ్వలేదు.

ఆ సాయంత్రం అత్తగారు "మీరు తిరిగి రండి, నేను కిటికీ దగ్గర కూర్చుంటా" అంది. రాత్రి అరటిపండు ఇస్తే దిండు పక్కన పెట్టుకుంది. పొద్దునకి ఆ పండు బుడంకాయ చేతిలో ఉంది. మూడోరోజు టిఫిన్ దగ్గర ఆవిడ టీ తాగి, తన పళ్ళెంలోవన్నీ కాగితంలో చుట్టి సంచిలో వేసేసింది. సంచి బరువెక్కిందని కోడలు సంతోషించింది కూడా.

"మాత్ర వేసుకున్నారా అత్తయ్యా?" అని మాత్రం పూటపూటా అడిగింది. అత్తగారికి షుగరు. మాత్ర తప్పితే ఆడపడుచు ఊరుకోదు.

"వేసుకున్నానమ్మాయ్" అనేది ఆవిడ. నిజమే, వేసుకునేది. మాత్ర వేసుకున్నారా అని అడిగిన నోటికి, తిన్నారా అని అడగడం తోచలేదు.

సంచి నిండుగా ఉందని ఆరోజు మధ్యాహ్నం హోటలు మానేసి, సముద్రపు గట్టు మీద సిమెంటు బల్ల చూసుకుని నలుగురూ కూర్చున్నారు. మొగుడు సంచి విప్పి రొట్టెలు తీస్తున్నాడు. బుడంకాయ పండ్లరసం బండి వైపు చూసింది.

"అమ్మా, ఒక్కటే. నలుగురం తాగుదాం."

"సీసాలో నీళ్ళున్నాయిగా."

"నీళ్ళు నీళ్ళలా ఉన్నాయి."

"నీళ్ళు నీళ్ళలా కాక నీ మొహంలా ఉంటాయా?"

అంతలో అత్తగారు లేచి నిలబడింది. నుదుటి నుంచి చెమట ధారగా కారుతోంది. గట్టు మీద నడిచేవాళ్ళని చూస్తూ చెయ్యెత్తింది, చేతిలో గరిటె ఉన్నట్టే.

"తొయ్యకండి! వరసలో నిలబడండి! అందరికీ వస్తుంది, అందరికీ పెడతా..." అని తూలింది.

మొగుడు పట్టుకున్నాడు కాబట్టి సరిపోయింది. చెయ్యి చల్లగా, బంక బంకగా ఉంది. "అమ్మా, అమ్మా" అంటుంటే ఎవరి పిల్లాడివన్నట్టు చూస్తోంది.

రసం బండావిడ ఒక్క చూపు చూసింది. "షుగరు మనిషా? పడిపోయింది షుగరు! ఏం చూస్తున్నావమ్మా, ఇది పట్టించు" అని గ్లాసు చేతిలో పెట్టింది. ఏ రసాన్నయితే రెండు నిమిషాల కింద కూతురికి వద్దందో, అదే రసం కోడలు అత్తగారి పెదాల మధ్య కొంచెం కొంచెంగా పోసింది. సగం చీర మీద కారిపోయింది. ఇంకో గ్లాసు అడిగింది. ఇంకోటి.

ఆస్పత్రి రెండు వీధుల అవతలే. నర్సు వేలు గుచ్చి చూసి, గ్లూకోజు ఎక్కించి, మాత్రల అట్ట తిప్పి చూసింది. "ఆఖరిసారి అన్నం ఎప్పుడు తిన్నారు?"

మొగుడు పెళ్ళాం వైపు చూశాడు. పెళ్ళాం మొగుడి వైపు చూసింది.

"మొన్న" అంది బుడంకాయ.

"మాత్ర వేసుకుని తిండి మానేశారా! పెద్దావిడకి తెలీకపోతే మీరైనా చూసుకోవద్దా?" అంది నర్సు. కేకలెయ్యలేదు. వేసినా బాగుండేది.

సాయంత్రానికి అత్తగారు మనుషుల్ని గుర్తుపట్టింది. కొడుకు మంచం పక్కన కూలబడ్డాడు. "ఏమ్మా, ఎందుకు తినలేదే?"

"నువ్వే కదరా అన్నావు, ఉప్పు తక్కువైందని."

కొడుక్కి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. "అమ్మా! నిజంగానే తక్కువైందే! కూరలో ఉప్పు లేదే తల్లీ!"

"లేదా?"

"చిటికెడు లేదు!"

"మరి ఆ మాట సరిగ్గా చెప్పొద్దూ" అంది ఆవిడ. నవ్వబోయింది గానీ చాతకాలేదు. కొడుకు బయటికి వెళ్ళి గోడకేసి నిలబడ్డాడు. బుడంకాయ వెళ్ళి వాళ్ళ నాన్న చెయ్యి పట్టుకుంది.

గదిలో అత్తాకోడళ్ళే మిగిలారు.

కోడలికి ఒకటే తొలిచేస్తోంది. ఆయన మాట పొరపాటే, ఒప్పుకుంది. కానీ ఆవిడ వినడంలో పొరపాటెక్కడుంది? మూడు ప్లేట్లు, కాగితం పొట్లాలు, నీళ్ళ సీసా, ఇవన్నీ ఆ మాటే అనలేదూ? మొగుడు ఒక్కసారి నోటితో అన్నాడు. తను రెండ్రోజులుగా చేతులతో అంటూనే ఉంది.

"ఒక్కమాట నన్ను అడగొచ్చుగా అత్తయ్యా."

"అడగడమేంటమ్మాయ్! అడగకుండా సర్దుకుపోవడానికే కదా ఆ మాట పుట్టింది" అంది ఆవిడ, చిన్నపిల్లకి చెప్పినట్టు. "నాకేం కొత్తా? ఆకలి రెండ్రోజులు అరుస్తుంది, తరవాత దానికే సిగ్గేసి ఊరుకుంటుంది. తిండి లేకపోతే ఈ పాడు మాత్రలు ఊరుకోవని గుర్తులేదు."

"నేను చూశాను. మీరు పళ్ళెం జరపడం చూశాను. చూసి ఊరుకున్నా."

అత్తగారు గ్లూకోజు గొట్టం వైపు చూసింది. "నేనూ చూసేదాన్ని" అంది. "ఇద్దరు పిల్లలూ నాలుగు ముద్దలకే లేచిపోవడం. చూసి, అమ్మయ్య అనుకునేదాన్ని."

అప్పుడే ఫోన్ మోగింది. ఆడపడుచు. కోడలి చెయ్యి ముందుకు రాలేదు. అత్తగారే తీసుకుంది.

"ఆఁ, బాగుందే. బోలెడు నీళ్ళు... తినకేం, మీ వదిన కూర్చోబెట్టి తినిపిస్తోంది. లావెక్కి వస్తా చూడు."

కోడలు తల వంచుకుంది. ఆడపడుచు తిట్టినా ఇంత బరువుగా ఉండేది కాదు.

ఆ రాత్రి ఆస్పత్రి నుంచి గదికి రాగానే, మర్నాడే బయల్దేరిపోదామంది కోడలు. గది అద్దె ఒకరోజుది వెనక్కి వస్తుంది. సముద్రం ఒకరోజు తగ్గితే తగ్గనీ. అత్తగారు కాసేపు కిటికీ దగ్గర నిలబడి, "చాల్లే, అదెక్కడికీ పోదు" అంది.

బస్సెక్కే ముందు బస్టాండు ఎదురుగా ఉన్న హోటల్లో నాలుగు ప్లేట్లు చెప్పింది కోడలు. నలుగురికీ నాలుగు. పైన బుడంకాయకి పండ్లరసం.

మొగుడు ఒక చెంచా నోట్లో పెట్టుకున్నాడు. దవడ ఆగింది. పెళ్ళాం వైపు చూసి, తల దించుకుని నమలడం మొదలెట్టాడు. కోడలూ రుచి చూసింది. ఈ ఊరి వంటవాళ్ళకి ఏ శాపముందో గానీ, కూరలో ఉప్పు లేదు.

"అమ్మా, ఇందులో..." అని బుడంకాయ నోరు తెరిచింది. కోడలు బల్ల కింద దాని కాలు తొక్కింది. పిల్ల అమ్మని చూసి, నాన్నని చూసి, నోరు మూసుకుంది.

అత్తగారు చెంచా నోట్లో పెట్టుకుంది. ఏళ్ళ తరబడి మూడొందల మందికి వండిన నాలుక. చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. కొడుకుని చూసింది, మనవరాలిని చూసింది. అందరూ ఒంగి మాట్లాడకుండా తింటున్నారు. బల్ల మధ్యలో ఉప్పు డబ్బా ఉంది. ఎవరి చెయ్యీ అటు పోవడం లేదు.

"ఏమ్మాయ్" అంది నెమ్మదిగా, "సరిపోయిందా?"

ఉప్పు గురించి అడిగిందో, దేని గురించి అడిగిందో.

"సరిపోయిందత్తయ్యా" అంది కోడలు. "అన్నీ సరిపోయాయి. మీరు తినండి."

అత్తగారు ఆమె మొహంలోకి చూస్తూనే రెండో చెంచా తీసుకుంది. మూడోది తీసుకుంది. కోడలు తన పళ్ళెం మర్చిపోయి, ఆవిడ గొంతు దిగే ప్రతి ముద్దా చూస్తూ కూర్చుంది. ఆవిడ నమ్మి తింటోందో, కోడలి మాట పోకూడదని తింటోందో తెలియలేదు. అడుగుదామనుకుంది. కానీ ఆ ఇంట్లో అడిగే అలవాటు లేదు.

పళ్ళేలు నాలుగూ ఖాళీ అయ్యాయి. ఉప్పు డబ్బా మూత తీయకుండా అలాగే ఉండిపోయింది.