విబ్కెకు దొరికిన చుక్క

గెషె ఆలర్స్ అంటే గురుత్వ తరంగాల రంగంలో అందరికీ గౌరవమే. హానోవర్‌లో కూర్చుని ఇరవై మూడేళ్ళుగా ఆవిడ ఏమీ కనిపెట్టలేదు. అంత జాగ్రత్తగా, అంత నమ్మకంగా ఏమీ కనిపెట్టనివాళ్ళు ప్రపంచంలో మరొకరు లేరు. గిరగిరా తిరిగే న్యూట్రాన్ నక్షత్రం మీద ఆవగింజంత బొడిపె ఉన్నా, అది తిరిగినంతకాలం ఆకాశాన్ని సన్నగా వణికిస్తూనే ఉంటుందట. ఆ వణుకు కోసం ఆవిడ బృందం వెతుకుతుంది, వినబడలేదని వ్యాసం రాస్తుంది. ఈసారి మునుపటికన్నా మెరుగ్గా వినబడలేదని లోకం మెచ్చుకుంటుంది.

అలాంటి చోట, ఆ బృందంలో పనిచేసే, పెళ్ళై మూడు వారాలైనా కాని విబ్కెకు ఒక చుక్క దొరికింది. లక్షల అనుమానాలను వడపోస్తే చివరికి మిగిలిన ఒకే ఒక్క గీత, సెకనుకు నూట తొంభై మూడు వణుకులు. నిజమైతే లోకంలో అదే మొదటిది. యూయిస్ట్ దీవికి వెళ్ళాల్సిన హనీమూన్‌ను విబ్కె వాయిదా వేసేసింది. భర్త ట్యార్క్ సణగలేదు. పొద్దున్నే ఉడికిన గుడ్డును బల్లమీద గిర్రున తిప్పి, మీ చుక్క కులాసాయేనా అని అడిగేవాడు. ఆ అడగడానికే ఆమె మురిసిపోయేది.

బృందంలో మిగతావాళ్ళే ముఖాలు వేలాడేశారు. శుక్రవారం పంపాల్సిన వ్యాసంలో ఏమీ దొరకలేదని అప్పటికే రాసేశారు మరి. కొత్త పెళ్ళికూతురికి ఎటు చూసినా చుక్కలే కనబడతాయని పక్కబల్ల లూడ్గర్ దెప్పాడు.

ఒక్క పరీక్ష మిగిలింది. భూమి కదులుతుంది గనక నిజమైన చుక్క స్వరం కాస్త హెచ్చుతూ తగ్గుతూ వినిపిస్తుంది. వెతికేటప్పుడు ఆ తేడాను దిద్దుతారు. ఆ దిద్దుబాటు తీసేస్తే చుక్క మాయమవ్వాలి. మాయం కాలేదంటే అది చుక్క కాదు, వణుకులను వినే యంత్రం పక్కన తిరిగే ఏ ఫ్యానో. విబ్కె ఈ పరీక్షను పదకొండు రోజులుగా ఏదో ఒక వంకతో దాటేస్తోంది.

గురువారం ట్యార్క్ పళ్ళెం నిండా వెన్న కేకు చేసి పంపాడు. పెళ్ళికైనా చావుకైనా అక్కడ పెట్టేది ఆ కేకే కాబట్టి ఫలితం కోసం ఆగనక్కర్లేదన్నాడు. మధ్యాహ్నం గెషె వచ్చి విబ్కె కుర్చీ వెనక నిలబడింది.

"భయమా?"

"ప్రేమ," అంది విబ్కె.

"నాకూ అయింది, నాలుగుసార్లు. నొక్కు తల్లీ."

నొక్కింది. గీత మాయం కాకపోగా రెట్టింపు ఎత్తు లేచింది. ఫ్యానే.

ఇక వ్యాసం మార్చనక్కర్లేదని గదిలో అందరి ముఖాలూ వెలిగాయి. లూడ్గర్ చెయ్యి కలిపి, భలే చంపావు, అని మనస్ఫూర్తిగా అభినందించాడు. కేకు పది నిమిషాల్లో అయిపోయింది. విబ్కె కళ్ళు తుడుచుకుని వ్యాసంలోని చివరి పటం గీయడానికి కూర్చుంది. ఒక్కో స్వరం దగ్గర, ఇంతకన్నా పెద్ద వణుకు ఇక్కడ లేదు, అని ఒక్కో చుక్క పెట్టుకుంటూ పోవాలి. నూట తొంభై మూడు దగ్గర చెయ్యి ఆగింది.

"ఇక్కడ ఏం పెట్టను?"

"ఏమీ పెట్టకు," అంది గెషె. "ఆ ఫ్యాను గోలలో నిజమైన చుక్క పాడినా మనకు వినబడదు. లేదని చెప్పలేం."

"అంటే ఉండొచ్చా?"

గెషె పళ్ళెంలో మిగిలిన కేకు పొడిని వేలితో అద్దుకుంది. "ఉండొచ్చు," అంది.

విబ్కె వెంటనే ట్యార్క్‌కు ఫోన్ చేసి, శనివారం యూయిస్ట్ పడవకు రెండు టిక్కెట్లు తీసుకోమంది. చుక్క ఏమైందని అడిగాడతను. ఆకాశంలో వేల స్వరాల దగ్గర ఏమీ లేదని తేల్చేశామని, తనదాని దగ్గర మాత్రం తేల్చడం ఎవరివల్లా కాలేదని ఆమె గర్వంగా చెప్పింది.