దానమ్మ కడుపులో కాపలా

నేను ఒక పెప్టైడ్‌ని. పేరు వినగానే మొహం అలా పెట్టకండి, మాంసకృత్తిలో ఒక చిన్న తునక అనుకోండి. ఒళ్ళంతా మెలికలు తిరిగి ముడిపడి ఉంటాను కాబట్టి మాంసాన్నే కరిగించే ఆమ్లం కూడా నన్ను అంత తేలిగ్గా కరిగించలేదు. గుంటూరు శివార్లలో ఒక మిర్చి గోడౌన్లో తొడిమలు తీసే దానమ్మ కడుపులో పుట్టాను. కడుపు లోపలి పొర మీద ఉండే జిగురును గట్టిపరచడం, ఆ పొరకు గాయమైతే పూడ్పించడం నా పని. మా ఆయుష్షు కొద్ది గంటలే. పోయేవాడు వచ్చేవాడికి కథ అప్పజెప్పి పోతాడు, అందుకే నేనన్నా మేమన్నా ఒకటే.

తొడిమలు తీసే చేతులు పొద్దుగూకేదాకా భగభగమంటూనే ఉంటాయి. ఆ చేత్తో అన్నం కలిపితే నోరూ పెదాలూ కూడా మంటలే. అందుకని అక్కడి ఆడవాళ్ళు పగలంతా ఉత్త టీతో గడిపి, ఇంటికెళ్ళి చేతులకు మజ్జిగ పూసి కడుక్కున్నాకే మెతుకు ముడతారు. ఇంతవరకైతే ఎలాగో ఓర్చుకునేవాళ్ళం. కానీ పదింటికి టీ రాగానే, దానమ్మ పక్కన కూర్చునే నాంచారమ్మ కొంగుముడి విప్పేది. అందులో మోకాళ్ళనొప్పి బిళ్ళలు!

"ఇంద ఒదినా, ఏసుకో. సాయంత్రందాకా కాళ్ళు గుర్తుకు రావు."

నిజమే, కాళ్ళు గుర్తుకు రావు. కడుపూ గుర్తుకు రాదు! ఆ బిళ్ళ నొప్పితో పాటు మా జిగురునూ తగ్గిస్తుంది, పొరకు వచ్చే రక్తాన్నీ తగ్గిస్తుంది. ఇంటివాళ్ళే తలుపు గొళ్ళెం పీకేస్తే కాపలావాడు ఏం చేస్తాడు? అయినా మేం ఊరుకోలేదు. గాయం అంచున ఉన్న కణాలను కదిలించాం. అవి పలచగా సాగి, పాక్కుంటూ వచ్చి పచ్చిపుండును కప్పేవి. హమ్మయ్య అనుకునేసరికి మళ్ళీ పదయ్యేది. కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు అంటే ఇదే.

పైగా దానమ్మ ఎవరిని తిట్టిందనుకున్నారు? మిరపకాయని! "ఈ ఘాటు పీల్చీ పీల్చీ కడుపు కాలిపోయింది" అంటూ కూరలో కారం మానేసింది. బిళ్ళ మాత్రం మానలేదు.

ఒకరోజు పుండు లోతుకు దిగి సన్నని రక్తనాళం ఒకటి తెగింది. దానమ్మ వాంతి చేసుకుని తువాలుతో మూతి తుడుచుకుంది. తువాలు ఎర్రగా అయింది.

"కారం మింగుంటావులే ఒదినా" అంది నాంచారమ్మ.

నేలా గోనెలూ మనుషులూ అన్నీ ఎర్రగా ఉండేచోట నెత్తురు ఎవరి కంటికి ఆనుతుంది? అది కారం కాదు తల్లీ, ఇంకో బిళ్ళ పడితే నువ్వు దక్కవు అని మొత్తుకున్నాం. మాకు నోరేదీ?

మర్నాడు పొద్దున తువాలు ఉతకబోయి దానమ్మ ఆగిపోయింది. మరక గోధుమరంగుకు తిరిగి అట్టకట్టింది. ఇరవై ఏళ్ళుగా కాయ రంగు చూసి రకం చెప్పే మనిషి ఆమె. "మిరప రంగు ఒక్కరోజుకే ఇట్టా నల్లబడదే" అనుకుంది. పనికి పోకుండా ఆస్పత్రికి పోయింది.

"పరగడుపున ఈ బిళ్ళలు ఎవరు వేసుకోమన్నారమ్మా?" అన్నాడు డాక్టరు, ఆమె చెప్పిందంతా విని.

"అందరం ఏసుకుంటాం సార్."

ఆయన ఆ బిళ్ళ మాన్పించి, ఆమ్లం తగ్గడానికి వేరే మందిచ్చాడు. ఆమ్లం తగ్గింది కాబట్టి మేం వారాల తరబడి కష్టపడి ఆ గుంట పూడ్పించాం. దానమ్మ డాక్టరుకు దణ్ణం పెట్టింది. మందు అమృతమంది. చర్చిలో కొవ్వొత్తి వెలిగించింది. మా ఊసే లేదు! ఒళ్ళు మండదూ?

ఇవాళే ఆమె మళ్ళీ పనిలోకి వచ్చింది. పదింటికి నాంచారమ్మ కొంగుముడి విప్పింది. దానమ్మ పెరుగన్నం డబ్బా తెరిచి రెండు చెంచాలు తీసింది.

"ఆ బిళ్ళ అవతల పారేయ్. ముందు తిను."

"చెంచాతోనా? అందరూ నవ్వుతారే!"

"నవ్వనీ. నా కడుపులో నెత్తురు కారినప్పుడు ఎవురూ ఏడవలా."

నా గంటలు అయిపోయాయి. దానమ్మ మింగిన మొదటి ముద్దతో పాటు పేగుల్లోకి జారిపోతున్నాను. చివరికి నా గతి మురుగుకాలువే. అందుకు విచారం లేదు. కానీ పక్కనే ఉన్న నాంచారమ్మ కడుపులో మావాళ్ళు ఇంకా ఇలాంటి పుండుతోనే పెనుగులాడుతూ ఉంటారు. పోయేలోపు ఆ రెండో చెంచా చప్పుడు వినాలని ఉంది.