తడి గోనె

తప్పులుంటే మన్నించండి. పొట్టి అక్షరం ఎక్కడ రాయాలో, పొడుగు అక్షరం ఎక్కడ రాయాలో నాకింకా పూర్తిగా పట్టుబడలేదు. ఒక్కో మాటా రాసి, దాన్ని మళ్ళీ నేనే కూడబలుక్కుని చదువుకుని, అప్పుడు తర్వాతి మాటకు వెళ్తాను. లోడుతో కొల్లి కొండ ఎక్కే బండిలాగా ఇది మెల్లగానే నడుస్తుంది. కాస్త ఓపిక పట్టి నాతో రండి.

"నువ్వుండగా అదెందుకు?"

మా ఆయన కరుప్పన్నన్ ఆ మాట అన్నది కొండ కింద సేందమంగలంలో, దౌలత్ భాయ్ మెకానిక్ షెడ్డులో. మాదొక పాత మినీ లారీ. పైకి సిమెంటు, బియ్యం; కిందికి పనసకాయలు, అరటిగెలలు. కారవళ్ళి దగ్గర ఘాట్ మొదలుపెడితే, సగం కొండ ఎక్కేసరికే ఇంజను ఆయిల్ కాగి నీళ్ళలా పలచబడిపోయేది. ఎర్రదీపం వెలిగేది. "ఆయిల్‌కి విడిగా ఒక కూలర్ బిగిద్దాం కరుప్పన్నా. రేడియేటర్ లాంటిదే, చిన్నది. ఆయిల్ అందులోకి పోయి, చల్లబడి మళ్ళీ ఇంజన్లోకి వస్తుంది," అన్నాడు భాయ్. దానికి మా ఆయన నా వైపు గడ్డంతో చూపించి ఆ మాట అన్నాడు. షెడ్డులో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. పొగిడాడనుకున్నాను.

నేనేం చేసేదాన్నో చెప్పాలి. బండి ఆగీ ఆగకముందే దూకాలి. వెనక చక్రం కింద చెక్కదిమ్మ పెట్టాలి. బిందె పట్టుకుని బండల సందున నీళ్ళు కారే చోటికి పోయి నింపుకు రావాలి. బండి కిందికి పాకి, ఇంజను అడుగున ఉండే ఆయిల్ ఛాంబరుకు కట్టిన గోనెను తడపాలి. నీళ్ళు పడగానే బుస్సుమని ఆవిరి ముఖాన కొట్టేది. అది తగ్గేదాకా తడుపుతూనే ఉండాలి. ఆయన పైన కాళ్ళు చాపుకుని బీడీ వెలిగించేవాడు. "అయిందా?" "ఇంకా లేదు." "ఎంతసేపే, నిద్రపోయావా?" అయ్యాక దిమ్మ లాగి, దాన్ని చంకన పెట్టుకుని పరిగెత్తి, కదులుతున్న బండిని పట్టుకుని ఎక్కాలి. ఎక్కుడులో కదిలిన బండిని నా కోసం ఆపేవాడు కాదు. కొన్ని మలుపులు దాటాక మళ్ళీ ఇదంతా. ఒకసారి సైలెన్సర్ గొట్టం తగిలి మణికట్టు మీద చర్మం ఊడొచ్చింది. "చూసుకుని పెట్టుకోవాలి కదా చెయ్యి," అన్నాడు. సంతలో ఎవరైనా పలకరిస్తే, "ఇంట్లో తోచదంటుంది, షికారుకొస్తుంది," అని చెప్పేవాడు. మా అత్త అయితే, "నీకేమే, మహారాణిలా బండెక్కి తిరుగుతావు," అనేది. మహారాణి ఇంటికి రాగానే పొయ్యి రాజేసేది. ఆ కొండ ఎన్నిసార్లు ఎక్కానో చెప్పలేను గానీ, ఒక్కసారి కూడా కొండను చూడలేదు. చక్రాన్ని చూశాను, బిందెను చూశాను, బండి కడుపును చూశాను.

ఆయన గుండె ఆగి పోయాడు. కర్మకాండలు కాగానే మరిది చెన్నియప్పన్ స్టీరింగ్ పట్టుకున్నాడు. నా గేదెల్ని అమ్మి కొన్న బండి కాబట్టి అది నా పేరునే ఉంది. ఆ సంగతి ఎత్తితే, "పేరుదేముంది వదినా, నడిపేవాడిదే బండి. నువ్వెప్పట్లాగే గోనె చూసుకో," అన్నాడు.

ఎప్పట్లాగే. ఆ మాట నన్ను వదల్లేదు. అంట్లు తోముతుంటే అదే, పడుకుంటే అదే. ఇన్నాళ్ళూ మొగుడి కోసం చేస్తున్నాననుకున్నాను. మొగుడు పోతే బొట్టు పోయింది, పూలు పోయాయి, గాజులు పోయాయి. గోనె మాత్రం పోదన్నమాట!

మర్నాడే భాయ్ దగ్గరికి వెళ్ళాను. "ఆ కూలర్ బిగించు భాయ్."

"చెన్నియప్పన్‌ని అడిగావా అక్కా?"

"గోనె తడిపేది అతనా?"

భాయ్ స్పానర్ల డబ్బా తెరిచాడు.

చెన్నియప్పన్ షెడ్డుకొచ్చి చిందులు తొక్కాడు. "ఈ జల్లెడ ముక్క తగిలిస్తే కొండెక్కుతుందా? సరే వదినా, పందెం. గోనె లేకుండా, మధ్యలో ఎక్కడా ఆగకుండా కొండ మీద సెమ్మేడు చేరితే, ఇక ఈ బండి జోలికి రాను. ఆగిందో, వేలిముద్ర వేసి నా పేరున రాసిచ్చెయ్. భాయ్ సాక్షి."

"సరే," అన్నాను.

ఆ పని జరుగుతుంటే చూడాలి! ఆయిల్ ఫిల్టర్ విప్పి, దాని వెనక ఒక బిళ్ళ పెట్టి, అందులోంచి రెండు గొట్టాలు లాగి, ముందు బంపరులో నేను కూర్చునే వైపు ఆ రేకుల డబ్బాను బిగించాడు. దాని వెనక కరెంటు ఫ్యాను. "ఎక్కుడులో బండి నడకకు గాలి చాలదక్కా, ఇది పీలుస్తుంది," అన్నాడు. కొత్త గొట్టాలు నిండేంత ఆయిల్ పోసి, కాబిన్లో ఆయిల్ వేడి చూపించే ముల్లు కూడా పెట్టాడు. ఇంజను బాగా కాగాక, "చెయ్యి పెట్టి చూడు," అన్నాడు. కూలర్‌లోకి పోయే గొట్టం మీద వేళ్ళు నిలవలేదు. బయటికొచ్చే గొట్టాన్ని పిడికిలితో పట్టుకోగలిగాను. నాకు చిన్నపిల్లలా అరవాలనిపించింది. నేను బండి కింద పడుకుని చేసిన చాకిరీ ఆ రెండు గొట్టాల మధ్య దానంతటదే జరిగిపోతోంది!

మా వైపు కొత్త సామాను ఏది బిగించినా పూజ చెయ్యకుండా బండి కదపరు. చక్రాల కింద నిమ్మకాయలు, పసుపునీళ్ళు, గంధం, దండ. "వదినా, శుభం జరుగుతోంది, నువ్వు కాస్త అవతలికి నిలబడు," అన్నాడు చెన్నియప్పన్. షెడ్డు వెనక్కి వెళ్ళి నిలబడ్డాను. కర్పూరం వాసన మాత్రం వచ్చింది. పిలిచాక ఎక్కి కూర్చున్నాను. మధ్యలో భాయ్, అటు చెన్నియప్పన్.

సగం కొండ దాకా ముల్లు బుద్ధిగా ఉంది. ఆ తర్వాత ముల్లు లేవడం మొదలుపెట్టింది. భాయ్ మీటరు మీద వేలితో తట్టాడు. మళ్ళీ లేచింది.

"దిమ్మ తీసుకో వదినా, ఆపేస్తాను," అన్నాడు చెన్నియప్పన్, పళ్ళన్నీ కనిపించేలా.

"ఆపకు." నేను చెవి ఒగ్గాను. ఫ్యాను చప్పుడు మారింది. నోట్లో గుడ్డ కుక్కినట్టు మూలుగుతోంది. "భాయ్, దండ ఎక్కడ వేశారు?"

భాయ్ ముఖం పాలిపోయింది. "ముందర... కొత్త సామానుకే కదా వేస్తాం..."

బంతిపూల దండ, నా చెయ్యంత లావుది, కూలర్‌కే వేశారు. ఫ్యాను దాన్ని పీల్చి రేకులకు అతికించేసుకుంది. గాలి ఎక్కడిది ఇక? ఆపితే బండి పోతుంది. ఆపకపోతే ఇంజను పోతుంది.

మలుపు వచ్చింది. బండి మొదటి గేరులో పాకుతోంది. ఆగని బండి దిగడం నాకెవరు నేర్పాలి? తలుపు తీసి దూకాను. "అక్కా!" అని భాయ్ కేక. చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టి, రోడ్డంచున బంపరు పక్కనే పరిగెత్తాను. దండ కొస దొరికింది. లాగితే రాలేదు. ఇంకోసారి ఒళ్ళంతా వంచి లాగాను. ఊడొచ్చింది. ఫ్యాను ఒక్కసారిగా గొంతు విప్పింది. దేవుడి పూలు చక్రాల కింద పారెయ్యలేను, బండెక్కాలంటే రెండు చేతులూ కావాలి. దండ మెడలో వేసుకున్నాను. కడ్డీ పట్టుకుని ఎక్కేశాను.

చెన్నియప్పన్ నన్ను చూసి నోరు తెరిచాడు. "మొగుడు పోయినదానివి, మెడలో పూలదండా! సిగ్గు లేదూ?"

"రోడ్డు చూసి నడుపు చెన్నియప్పా. మలుపొస్తోంది."

ముల్లు కాసేపు కదల్లేదు. భాయ్ పెదవులు కదుపుతూ ఏదో చదువుకుంటున్నాడు. తర్వాత ముల్లు సన్నగా వణికి, దిగింది. దిగుతూనే ఉంది! నా చేతులు ఒళ్ళో ఊరికే ఉన్నాయి. ఊరికే ఉన్న నా చేతుల్ని నేనెప్పుడూ చూడలేదు. తల తిప్పితే కింద మలుపులన్నీ విప్పి పడేసిన జడలా ఉన్నాయి, వాటి మీద మబ్బు నీడ నడుస్తోంది. ఇంత కొండా ఇన్నేళ్ళూ ఇక్కడే ఉందా?

సెమ్మేడు సంతలో బండి ఆగింది. చెన్నియప్పన్ స్టీరింగ్ మీదే చేతులుంచి, మెత్తగా అన్నాడు: "గెలిచావులే. ఇక నీకేం పని వదినా? ఇంట్లో హాయిగా కూర్చో. బండి సంగతి నేను చూసుకుంటా."

"జోలికి రానన్నావుగా. తాళం ఇలా ఇవ్వు." తీసుకుని భాయ్‌కిచ్చాను. "దిగేటప్పుడు నువ్వు నడుపు భాయ్. నీ కాళ్ళు ఏ పెడల్ ఎప్పుడు తొక్కుతున్నాయో నేను చూస్తూ ఉంటాను. రేపట్నుంచి నాకు నేర్పాలి."

"లైసెన్సుకు బోర్డులు చదవాలక్కా!"

"చదువుతాను."

ఆ అక్షరాలే ఇవి. ముందు 'మలుపు' చదివాను, తర్వాత 'నిదానం', తర్వాత నా పేరు. ఆ గోనెను ఇప్పుడు గుమ్మంలో పరిచాను, కాళ్ళు తుడుచుకోవడానికి.

పావాయి, యాభై ఆరేళ్ళు, లారీ డ్రైవరు, ఇప్పుడు కొండ మీదే, సెమ్మేడులో ఉంటాను.