గేస్ పట్టేసిందన్న మనిషి

నలభై మంది పిల్లలకి నలభై సున్నాలు వచ్చాయని తెలిసేసరికి బంగార్రాజు బెల్లం కొట్లో ఉన్నాడు. చోడవరంలో బెల్లం వ్యాపారం చేస్తూనే నర్సింగ్ స్కూలు పెట్టిన మనిషి ఆయన. ఒకటి రెండు దిమ్మలు చెడితే సరుకు తప్పు, బండికి బండీ చెడిందంటే పంపినవాడి తప్పు అని ఆయన లెక్క. ఆ లెక్కతోనే స్కూలుకొచ్చి, పిల్లలింకా కూర్చునున్న కంప్యూటర్ గదిలోకి దూసుకెళ్లాడు.

"దుర్గాదేవి గారూ, ఏటండీ ఇది? సాయంత్రంలోగా ఇళ్లకి మార్కులు పంపాలి. ఆ పాఠం తీసీండి. లేదంటే రేపట్నించి మీరు రానక్కర్లేదు."

టీచరు దుర్గాదేవి కుర్చీ చూపించింది. "ముందు మీరొకసారి చేసి చూడండి సార్."

ఆవిడ ఫోనుతో తీసి తయారుచేసిన పాఠం అది. తెర మీద రోగి మాట్లాడుతుంది. ఏం చేయాలో పిల్లలు నొక్కాలి. నొక్కినదాన్ని బట్టి రోగి బతుకుతుంది, లేదా పోతుంది. రోగి వేషం హాస్టల్ వంటమనిషి అచ్చియ్యమ్మది.

"గేస్ పట్టేసింది తల్లీ. సెమట్లు పట్టెస్తన్నాయి," అంది తెర మీది అచ్చియ్యమ్మ.

కింద మూడు దారులు: గేస్ మాత్ర ఇవ్వడం, ఇంకా అడగడం, డాక్టర్ని పిలవడం. బంగార్రాజు మాత్ర నొక్కాడు. అచ్చియ్యమ్మ తల వాల్చేసింది. సున్నా.

"ఇది దగా!" అన్నాడు.

క్లాసు ఫస్టు ఉదయ్‌కుమార్‌కి బలం వచ్చింది. "అదే సార్ నేనూ అన్నాను! సెస్ట్ పెయిన్ అనుంటే ఈసీజీ అనీవోళ్లం. గేస్ అంది కదా!"

"బుచ్చయ్యపేట నుంచొచ్చిన ముసలమ్మ నీకోసం సెస్ట్ పెయిన్ అంటుందిరా?" దుర్గాదేవి బల్ల మీద కొట్టింది. "చెమట్లన్న మాట నలభై మందిలో ఒక్కరికీ వినపడలేదు! రైతు మంచి బెల్లమంటే మీరు చూడకుండా కొనేస్తారా సార్?"

"దిమ్మ పగలగొట్టి సూస్తాను. నాకు వ్యాపారం నేర్పకండి!"

గుమ్మంలోంచి అచ్చియ్యమ్మ తొంగి చూసింది. "మీతో కలిపి నలభై ఒక్కసార్లు సంపేసేరు బాబూ నన్ను. వంట ఎప్పుడు సెయ్యను?"

పిల్లలు గొల్లుమన్నారు. "నువ్వెందుకే ఇందులో దూరేవు?" అని బంగార్రాజు కసిరాడు.

"మాయన ఆ మాటే అన్నాడు బాబూ. గోవాడ పంచదార ఫేక్టరీలో సెరుకు దింపొచ్చి, గేస్ పట్టేసిందే అన్నాడు. వాము నీళ్లిచ్చేను. తాగి తొంగున్నాడు. మరి నెగలేదు. నాకు సదువు నేదు. ఈ పిల్లగుంటలకి ఉంది కదా?"

బంగార్రాజు కోపం తగ్గలేదు, ఇంకోవైపు తిరిగింది. చదువులేని అచ్చియ్యమ్మ ఇంట్లో చేసిందే, తన స్కూలు పేరు పెట్టుకున్న పిల్లలు రేపు వార్డులో చేస్తారు. తానూ అదే నొక్కాడు.

"మార్కులు ఉన్నవి ఉన్నట్టు పంపండి. తల్లిదండ్రులు అరిస్తే నా నంబరివ్వండి."

"సార్, మా నాన్న ఊరుకోడు," అన్నాడు ఉదయ్‌కుమార్.

"మీ నాన్నకి గేస్ పట్టేసినా ఇలాగే మాత్ర ఇచ్చీసి పంపీస్తావేటిరా? లే! ఏటడగాలో అడుగు."

ఉదయ్‌కుమార్ కంప్యూటర్ వైపు తిరిగాడు.

"అటు కాదురా! మనిషి అక్కడుంది."

వాడు బిక్కచచ్చిపోయి గుమ్మం వైపు చూశాడు. "గేస్... ఎక్కడ పట్టిందమ్మా?"

అచ్చియ్యమ్మ ఎడమ భుజం నుంచి మోచేతి దాకా రాసి చూపించింది. "ఇక్కడ బాబూ. ఆయన ఇలాగ పాముకుంటంటే సూస్తన్నాను. అడగనేదు నేను."