ఆమె పేరుతో పడిన స్లిప్పు

సూర్యకళ వంజరం చేప ముక్కలకు ఉప్పూ పసుపూ పట్టిస్తుంటే మొగుడు గంగరాజు వంటింటి గుమ్మంలో నిలబడి అన్నాడు. "తప్పైపోనాది అని ఒక్క ముక్క రాసీవే. నీ సొమ్మేటి పోతాది?"

పోయేది ఉద్యోగం. ద్వారకా నగర్‌లోని లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో పదకొండేళ్లుగా చేస్తున్న ఉద్యోగం. వారం కిందట ఆరు టన్నులు అదనంగా ఎత్తిన బొగ్గు లారీకి ఆఫీసు నుంచి, బయటికి వదలమనే గేటు స్లిప్పు వెళ్లింది. లారీ దారిలో పట్టుబడింది. స్లిప్పు అప్రూవ్ చేసినవారి పేరు సూర్యకళ. సోమవారానికల్లా సంజాయిషీ రాయాలని, తప్పు ఆమెదేనని తేలితే తీసేస్తామని మెమో ఇచ్చారు.

స్లిప్పు పడిన రోజు ఆమె సెలవులో ఉంది. ఆస్పత్రిలో అత్తగారు గంగాలమ్మకు కంటి ఆపరేషన్. ఆవిణ్ణి బాత్రూమ్‌కి నడిపించి తీసుకొచ్చేలోపు మేనేజర్ సన్యాసిరాజు ఆమె ఫోన్‌కి చేశాడు, గంగరాజు ఎత్తి ఆమె ఆఫీసు పాస్‌వర్డ్ చెప్పేశాడు. పక్కింటికి తోడు మజ్జిగ ఇచ్చినంత తేలిగ్గా!

"నన్నడక్కుండా ఎందుకు సెప్పినావు?" అంది సూర్యకళ ఇప్పుడు.

"మొగుణ్ణే, పరాయోణ్ణా?"

ఆమె పాస్‌వర్డులన్నీ ఆయనకి తెలుసు. ఆయన ఫోన్ లాకు మాత్రం ఈనాటికీ ఆమెకి తెలీదు. ఇన్నేళ్లలో తనకిది తట్టనే లేదేమిటా అనుకుంటూ చేతులు కడుక్కుంది.

ఆఫీసు మాత్రం ఏం తక్కువ తిందని? పొద్దున్న తొమ్మిదయ్యేసరికి ఆరు కౌంటర్లూ ఒకే సర్వర్ మీద పడి బిగుసుకుపోయేవి, పక్కనున్న రెండో సర్వర్ ఊరికే తిరుగుతూ ఉండేది. నెల్లాళ్లు కూర్చుని, ఏది ఖాళీగా ఉంటే దానికి పని వెళ్లేట్టు అమర్చింది ఆమే. ఓనరు వచ్చినప్పుడు సన్యాసిరాజు "నాను సేయించాను సార్" అని, ఆమెను టీలు చెప్పి రమ్మన్నాడు. ఎవరి ఐడీకి ఏ హక్కులుండాలో పెట్టేదీ ఆమే. అప్రూవల్ హక్కు సన్యాసిరాజుకూ ఇవ్వబోతే, "నాకెందుకమ్మా, నీ ఐడీ ఉంది గదా" అన్నాడు. అదేదో తన మీద నమ్మకం అనుకుని మురిసిపోయింది, పిచ్చిమొహం! ఇప్పుడు తలుచుకుంటే ఏడుపు రాలేదు. ఒళ్లు మండింది.

సోమవారం అరగంట ముందే ఆఫీసుకెళ్లింది. ఓనరుకే నేరుగా రాసింది. "ఆ రోజు నేను ఆస్పత్రిలో ఉన్నాను. నా పాస్‌వర్డ్ నన్నడక్కుండా నా భర్త ఇచ్చారు, మేనేజర్ గారు తీసుకున్నారు. స్లిప్పు ఆయన గదిలోని కంప్యూటర్ నుంచే పడినట్టు సర్వర్‌లో ఉంది." ఆస్పత్రి కాగితం జతచేసి పంపేసింది. మొగుడి సంగతి ఆఫీసు కాగితంలో రాసినందుకు సిగ్గేసింది, అబద్ధమెందుకు. అయినా ఒక్క అక్షరం కొట్టేయలేదు. తర్వాత హక్కుల పేజీ తెరిచి, పాస్‌వర్డ్ మార్చి, ఇంకో రెండు మార్పులు చేసింది.

పదింటికి సన్యాసిరాజు గదిలోంచి కేకేశాడు. "సూర్యకళా, ఏటమ్మా ఇది? ఎనిమిది లారీలు నిలబడిపోనాయి. బేగి అప్రూవ్ సేసీ!"

ఆమె వెళ్లి గుమ్మం దగ్గర నిలబడింది. "నాకా హక్కు లేదు సార్. పొద్దున్నే తీసేసుకున్నాను. మీ ఐడీకిచ్చాను."

"నాకా? అయితే స్లిప్పు మీద నా పేరు పడిపోతాదేటి?"

"పడతాది సార్."

సన్యాసిరాజు కళ్లజోడు పెట్టుకుని, మొదటి లారీ బరువు ఎంతుందో ఆ ఉద్యోగంలో చేరాక మొట్టమొదటిసారి చదివాడు.