దొరమ్మ రాసిన మాట

మరిగిన నీళ్లలోంచి గాజు సిరంజిలను పటకారుతో ఒక్కొక్కటే తీసి, లిదియమ్మ తెల్లగుడ్డ పరిచిన పింగాణీ పళ్లెంలో పేర్చింది. సూదులు వేరుగా పెట్టింది. మొన పోయిన రెండింటిని సానరాయి మీద నాలుగుసార్లు అటూ ఇటూ లాగి, గోటికి ఆనించి చూసుకుని, మళ్లీ మరిగే నీళ్లలో వేసింది. తూర్పు కిటికీలోంచి ఎండ అప్పుడే గచ్చు మీదికి దిగుతోంది. ఆత్మకూరు ఆసుపత్రిలో తొమ్మిదేళ్లుగా ఆమె రోజు ఇట్లాగే మొదలవుతోంది.

పొయ్యి ముందు నుంచి లేవడానికి మాత్రం ఈమధ్య గోడ పట్టుకోవలసి వస్తోంది. పాదాలు ఉబ్బాయి. చీలమండ పైన బొటనవేలితో నొక్కితే పడ్డ గుంట చాలాసేపటికి గానీ పూడలేదు. లేచి, ఊపిరి అందేదాకా నిలబడి, చీర కుచ్చిళ్లు కిందికి లాక్కుంది. డాక్టరు చూస్తే పడుకోమంటాడు. ఆయా పడుకుంటే ఇంకో ఆయాను వెతుక్కుంటారు. ఆయన పని మీద నెల్లూరు వెళ్లాడు, రేపు గాని రాడు. అంతవరకూ భయం లేదు.

పొట్టి మనిషి. వెడల్పాటి భుజాలు, నెరిసిన జుట్టును లాగి చుట్టిన చిన్న ముడి. కార్బాలిక్ నీళ్లలో నాని నాని వేళ్ల కొసలు తెల్లబడి ముడతలు పడ్డాయి. యాభై అయిదేళ్లు ఈ నెలాఖరుకు నిండుతాయని కాగితాల్లో ఉంది. ఆయాలకు యాభై అయిదు నిండితే పని లేదు. పని లేకపోతే ఆసుపత్రి వెనక గది కూడా లేదు.

పళ్లెం మీద గుడ్డ కప్పి ఆమె చివరి గదికి నడిచింది. గుమ్మం దగ్గర ఆగి, అడుగుల చప్పుడు లేకుండా లోపలికి వెళ్లింది. కిటికీకి నల్లకంబళి కట్టి ఉంది. ఆ చీకట్లో మంచం మీద కొండలయ్య. మర్రిపాడు పక్కన బావి తవ్వుతుంటే గడ్డపార పాదంలో దిగింది. పుండు మీద పేడ పెట్టి కట్టారు. వారం తిరిగేసరికి దవడలు బిగుసుకుపోయి, వెన్ను విల్లులా వంగిపోతుంటే లారీలో వేసుకొచ్చారు. ధనుర్వాతం. డాక్టరు చెయ్యవలసిన ఇంజెక్షన్లు చేసి, ఇక చీకట్లో, సద్దు లేకుండా ఉంచమన్నాడు. చప్పుడైతే చాలు, ఒళ్లంతా కొయ్యలా బిగిసిపోతుంది. ఆ ఉంచడమంతా లిదియమ్మ పనే. తలుపు బందులకు ఆముదం రాసింది. కొండలయ్య భార్య ఓబమ్మ చేతి గాజులకు గుడ్డ చుట్టించింది. చల్లటి చెంచా పెదవికి తగిలినా ప్రమాదమే కనుక, చెంచాను తన అరచేతిలో పట్టుకుని వెచ్చబడ్డాక పళ్ల సందులోంచి పాలు వదిలేది. పది రోజులుగా రెండు గంటలకొకసారి అట్లా వదులుతూనే ఉంది.

ఈ పొద్దు ముందుగా దవడల మధ్య వేలు పెట్టి చూసింది. ఒకటి దూరింది. రెండోది కూడా దూరింది.

ఓబమ్మ గోడవార నుంచి లేచి వచ్చి గుసగుసగా అడిగింది.

“నర్సమ్మా, బతుకుతాడా?”

“నర్సమ్మ ఎనిమిదింటికి వస్తాది. నేను ఆయాను,” అంది లిదియమ్మ. “నిన్న ఒక వేలే పట్టింది. ఇయ్యాల రెండు పట్టినాయి,” అని చెప్పింది.

అంతకన్నా ఏ రోగి తాలూకువాళ్లకీ ఆమె ఎన్నడూ చెప్పలేదు. ముప్పై ఏళ్ల కిందట తన మొగుణ్ణి మంచం మీద మోయించుకుని ఉదయగిరి దారిలో ఉన్న మిషన్ ఆసుపత్రికి వచ్చినప్పుడు, బతుకుతాడని ఎవరో మాటిచ్చారు. వాంతిభేదితో అతడు తెల్లారేలోగా పోయాడు. చంకలో ఉన్న పసిపిల్ల మూడోనాడు పోయింది. ఇంటికి తిరిగి వెళ్లడానికి ఆమెకు అక్కడ ఎవరూ మిగల్లేదు. పిల్లను పాతిపెట్టి వచ్చి ఆసుపత్రి వరండా ఊడ్చింది. ఊడవమని ఎవరూ అడగలేదు, వద్దని కూడా అనలేదు. అట్లా ఇరవై ఏళ్లు గడిచాయి. ఆసుపత్రి నడిపే తెల్లదొరమ్మ కట్టు విప్పుతుంటే దీపం పట్టుకుని నిలబడేది. తరువాత తనే కట్టు విప్పడం మొదలుపెట్టింది. ఊరికి వెలుపల పుట్టినదాని చేతి నీళ్లు తాగబోమని మొదటి రోజు మొహం తిప్పుకున్నవాళ్లు, జ్వరం ముదిరిన మూడో రోజు ఆ చేతికే నోరు తెరిచేవారు. నయమై ఇంటికి వెళ్లేటప్పుడు కొందరు మళ్లీ దూరం జరిగేవారు. ఆమె అది పట్టించుకునేది కాదు.

నలభై ఆరులో దొరమ్మ తన దేశం వెళ్లిపోయింది. ఆసుపత్రి మూతపడింది. పోతూ పోతూ దొరమ్మ ఒక కాగితం ఇంగ్లీషులో రాసి లిదియమ్మ చేతిలో పెట్టింది. అది చూసే ఆత్మకూరులో ఆయాగా తీసుకున్నారు. ఇంగ్లీషు చదవడం ఆమెకు రాదు. కానీ ఆ కాగితంలో ఒక మాటను మాత్రం గుర్తుపట్టగలదు. ఎన్, యు, ఆర్, ఎస్, ఇ, డి. నర్సు గది తలుపు మీద రంగుతో రాసిన మాటలో అక్షరాలు అయిదే. తన మాటలో ఆరు. చివర్న ఆ డి ఎందుకో ఆమె ఎవరినీ అడగలేదు. ఒకటి ఎక్కువే ఉంది కదా అనుకుంది.

ఎనిమిదింటికి వసంతకుమారి వచ్చింది. గుంటూరులో చదివి వచ్చిన నర్సు, ఇరవై మూడేళ్ల పిల్ల. చెడ్డది కాదు. వచ్చిన కొత్తలో బరువైన రోగిని పక్కకు తిప్పలేక ఏడ్చింది. మోకాలు మంచానికి ఆనించి, రోగి భుజాన్ని కాక నడుమును ముందు తిప్పాలని లిదియమ్మే చూపించింది. రోజూ లాగానే లిదియమ్మ ఎవరికి జ్వరం ఎంత ఉందో, ఎవరు ఏం తాగారో మంచాల వరసలో చెబుతూ పోయింది. వసంతకుమారి రిజిస్టరులో ఇంగ్లీషులో రాసుకుని, కింద సంతకం చేసింది.

పదకొండు దాటాక నెల్లూరు బస్సులో టపా వచ్చింది. రంగనాథం లిదియమ్మను పిలిపించాడు. బక్కపలచని మనిషి, ముక్కు మీద జారే కళ్లజోడు. ఈ ఆసుపత్రిలో గుమాస్తా. రెండు నెలల కిందట, చదువు లేకపోయినా పాత అనుభవం ఉన్నవాళ్లు రుజువు చూపిస్తే నర్సుల పట్టీలో చేర్చుకుంటారని ఉత్తరువు వచ్చింది. అందులో చేరితే ఇంకో అయిదేళ్లు పని ఉంటుంది. ఆ సంగతి ఆమెకు చెప్పిందీ, దొరమ్మ కాగితం జతచేసి అర్జీ రాసిందీ రంగనాథమే. ఇప్పుడు ఆ అర్జీ ఆయన బల్ల మీద ఉంది. దొరమ్మ కాగితంలో ఆమెకు తెలిసిన మాట కింద ఎర్రసిరాతో గీత గీసి ఉంది.

రంగనాథం చాలాసేపు కళ్లజోడు తుడుచుకున్నాడు. తరువాత చెప్పాడు. తెలుగులో వంటమనిషి వేరు, వండటం వేరు, రెండూ రెండు మాటలు. ఇంగ్లీషులో రెంటికీ ఒకటే మాట. నర్సు కూడా అట్లాంటిదే. మనిషి పేరుగా వాడితే నౌను, చేసే పనిగా వాడితే వెర్బు.

“దొరమ్మ నువ్వు నర్సువని రాయలా, లిదియమ్మా. ఇరవై ఏండ్లు రోగుల్ని నర్స్ చేసినావని రాసింది. అది వెర్బు. చేసినంత మాత్రాన అయినట్టు కాదంటా ఉండారు పైవాళ్లు.”

ఆమె ఆ గీత వైపు చూస్తూ నిలబడింది.

“దొరమ్మ తప్పు రాసిందా అయ్యా?”

“లేదు. శుద్ధంగా రాసింది. తప్పు రాసుంటే నీ పని అయిపోయుండేది.”

ఆ మాట అన్నందుకు ఆయనే నొచ్చుకున్నట్టు తల దించుకున్నాడు. ఒకే ఒక దారి ఉందన్నాడు. ఇక్కడ ఆమె చేస్తున్నది నర్సు పనే అని, ఆమెను నర్సుగానే చూస్తున్నామని వసంతకుమారి నాలుగు ముక్కలు రాసి ఇస్తే, డాక్టరు రాగానే సంతకం పెట్టించి మళ్లీ పంపుతానన్నాడు.

లిదియమ్మ వరండాలోకి వచ్చి స్తంభం పట్టుకుంది. దొరమ్మ ఆ కాగితం రాసిన సాయంత్రం ఆమెకు గుర్తుంది. సామాను కట్టేసిన గదిలో మిగిలిన ఒకే కుర్చీలో కూర్చుని రాస్తూ, మధ్యలో కలం ఎత్తి పట్టుకుని తన మొహంలోకి చూసింది. ఎంతోసేపు చూసింది. ఇరవై ఏళ్లు వెంట తిరిగినదాన్ని వదిలిపోతున్నందుకు దొరమ్మకు దిగులు కలిగిందని లిదియమ్మ అనుకుంది. ఆ చూపును తొమ్మిదేళ్లు దాచుకుంది. ఆ క్షణంలో దొరమ్మ రెండు మాటల్లో ఏది రాయాలా అని చూస్తోందన్న ఊహ ఇప్పుడే మొదటిసారి వచ్చింది. వచ్చాక ఇక పోలేదు. ఊపిరి తీసుకుంటే రొమ్ములో ఎక్కడో సగంలోనే ఆగిపోతోంది.

అయినా పన్నెండింటికి కొండలయ్యకు పాలు పట్టింది. అరచేతిలో చెంచా వెచ్చబడేదాకా కూర్చుంది. పడుకుని పడుకుని వీపు పుండ్లు పడకుండా ఓబమ్మ సాయంతో అతణ్ణి పక్కకు తిప్పి, స్పిరిటుతో తుడిచి, పౌడరు అద్దింది. తిప్పేటప్పుడు అతని ఒళ్లు బిగియలేదు. ఆ సంగతి రెండుసార్లు తనలో తను అనుకుంది. తరువాత పెద్ద గదిలో మలం గిన్నెలు ఎత్తి, కడిగి, ఎండలో బోర్లించింది.

మధ్యాహ్నం వసంతకుమారి అన్నం తిని చెయ్యి కడుక్కుంటుండగా అడిగింది. అడగడం ఆమెకు అలవాటు లేదు. రంగనాథం చెప్పినదంతా చెప్పి, చివర్న, “నువ్వొక మాట రాస్తే చాలంటమ్మా,” అంది.

వసంతకుమారి తువ్వాలుతో చాలాసేపు చేతులు తుడుచుకుంది. రాయాలనే ఉంది ఆ పిల్లకు. కానీ పన్నెండు మంచాల పని ఆయా చేస్తోందని కాగితం మీద పెడితే, మరి నర్సు ఏం చేస్తోందని పైనుంచి అడుగుతారు. కింద సంతకాలన్నీ తనవే. ఇంటి దగ్గర తన జీతం మీదే బతికే తల్లి ఉంది.

“డాక్టరుగారిని రానీ ఆయమ్మా. ఆయన్ని అడిగి రాస్తాను,” అంది, ఆమె మొహంలోకి చూడకుండా.

“అట్నే కానీమ్మా,” అంది లిదియమ్మ. ఆమెకు అర్థమైంది. కోపం రాలేదు. బయటికి వెళ్తూ, మూడో మంచం ముసలమ్మకు మందు వేళ దాటిందని గుర్తుచేసి వెళ్లింది.

నాలుగింటికి ఎండ వరండా లోపలికి వచ్చింది. రేపటి కట్లకు గుడ్డ కోసిపెట్టాలి. పల్చటి కట్టుగుడ్డ చుట్ట తెచ్చుకుని, స్తంభానికి వీపు ఆనించి, చాప మీద కాళ్లు చాపుకుని కూర్చుంది. ఆమె అలా కాళ్లు చాపి కూర్చోవడం అంతకుముందు ఎవరూ చూడలేదు. గుడ్డను జానెడు జానెడు కోసి, నాలుగు మడతలు వేసి, దొంతరగా పేర్చసాగింది.

చివరి గదిలో కొండలయ్య పెదవులు కదిలించాడు. ఓబమ్మ చెవి దగ్గరగా పెట్టి విన్నది. గంజి అడుగుతున్నాడు. పదకొండు రోజుల్లో మొదటి మాట. ఆమె గాజుల మీది గుడ్డ జారిపోతున్నా చూసుకోకుండా వరండాలోకి పరుగెత్తుకొచ్చింది.

“నర్సమ్మా, గంజి కావాలంటా ఉండాడు.”

లిదియమ్మ తల స్తంభానికి ఆని ఉంది. కళ్లు సగం మూసి ఉన్నాయి. ఓబమ్మ ఇంకోసారి చెప్పింది. భుజం మీద చెయ్యి వేసింది. వేసిన చెయ్యి తీసేసి, మెల్లగా వెనక్కి జరిగి, అప్పుడు లోపలికి వెళ్లి వసంతకుమారిని పిలిచింది.

వసంతకుమారి నాడి పట్టుకుని చూసింది. స్టెతస్కోపు పెట్టి చూసింది. చీర అంచు కింద ఉబ్బిన పాదాలు అప్పుడే కనిపించాయి. రోజూ తన పక్కనే నడిచిన పాదాలు. ఆ పిల్ల అక్కడే గచ్చు మీద కూర్చుండిపోయింది.

రంగనాథం వచ్చాడు. ఉదయగిరిలో లిదియమ్మ చెల్లెలి కొడుకు వరప్రసాదం ఉన్నాడని ఆయనకు తెలుసు. ఆఖరి బస్సు కండక్టరు చేత కబురు పంపాడు. వార్డుబాయి లేకపోవడంతో ఆయనే ఒక పక్క పట్టుకుని, వసంతకుమారి, ఓబమ్మ రెండో పక్క పట్టి, ఆమెను ఖాళీగా ఉన్న ఒకటో మంచం మీద పడుకోబెట్టారు. నడుము దగ్గర ముందుగా ఎత్తారు.

చావు రిజిస్టరులో రాయవలసింది వసంతకుమారే. పేరు, వయసు రాసింది. తరువాత వృత్తి గడి దగ్గర ఆగింది.

“ఇక్కడ నర్సు అని రాస్తానండీ,” అంది.

రంగనాథం కళ్లజోడు పైకి తోసుకుని ఆ గడి వైపు చూశాడు. కిటికీ అవతల బస్సు కదిలిన చప్పుడు వినిపించి, దూరమైంది.

“ఆయా అనే రాయమ్మా. ఆ మాట రాస్తే ఈ కాగితం గూడా తిరిగొస్తాది.”

వసంతకుమారి ఆయా అని రాసింది. కింద సంతకం చేసింది.

ఓబమ్మ వంటగదిలోకి వెళ్లి తనే గంజి కాచుకుంది. చెంచాను అరచేతిలో పెట్టుకుని వెచ్చబడేదాకా మొగుడి పక్కన కూర్చుంది.

వరండాలో చాప ఎవరూ ఎత్తలేదు. ఎండ దాని మీది నుంచి తప్పుకుంది. నాలుగు మడతలు వేసిన కట్టుగుడ్డల దొంతర ఒరగకుండా నిలబడి ఉంది. దాని పక్కన, సగందాకా కోసిన గుడ్డలో కత్తెర, నోరు తెరుచుకునే ఉంది.