ఎర్రగుడ్డలో సైరన్

సోమవారం నుంచి పాత ఆపరేటింగ్ సిస్టమ్‌కు వాతావరణ హెచ్చరికలు అందవు. దాన్ని మార్చకపోతే ఒడ్డున సైరన్ మోగదు. అందుకే ప్రబీర్‌ను భువనేశ్వర్ నుంచి పంపారు. తుఫాను షెల్టరు పైగదిలో కంప్యూటరు ముందు కూర్చుని అతను చేతులు రుద్దుకున్నాడు.

"పాతదాన్ని ఈ విడి డిస్కులోకి కాపీ చేశానక్కా. కొత్తది మొరాయిస్తే ఇది పెట్టుకుంటాం. ఇక మొదలెడతా."

గది బాధ్యత చూసే సుకాంతి బెహరా ఒప్పుకోలేదు. "ముందు ఆ డిస్కు పెట్టి సైరన్ మోగించు."

"కాపీ అయిందని మిషనే చెప్పింది కదా! మా అత్తగారికి కూడా ఇంత అనుమానం లేదు."

ఆమె నవ్వలేదు. మూలనున్న ఎర్రగుడ్డ మూట విప్పింది. లోపల తుప్పుపట్టిన చేతి సైరన్, దానిమీద ఎండిపోయిన సిందూరం. దణ్ణాలు పెట్టడంలో మా తీరం ఎవరికీ తీసిపోదు, పిడి తిప్పి చూడటానికే బద్ధకం.

"కరెంటు పోతే ఇది ఉందిగా అని ధీమాగా ఉండేవాళ్లం. ఏటా విశ్వకర్మ పూజకి సిందూరం పెట్టాం, బంతిపూలు వేశాం. ఒక్కసారన్నా తిప్పి చూసిన పాపాన పోలేదు. తొమ్మిదేళ్ల కింద నిజంగానే కరెంటు పోయింది. పిడి కదల్లేదు బాబూ. మా ఆయన పడవలో ఉన్నాడు."

ప్రబీర్ డిస్కు మార్చాడు. తెర నల్లగానే ఉండిపోయింది. మిషన్ అయిందన్న కాపీ సగంలోనే చెడింది. అతను మళ్లీ కాపీ చేసి, మళ్లీ పెట్టి చూశాడు. ఈసారి సైరన్ చిన్నగా ఒక్క కూత కూసింది.

అప్పుడు కొత్త సిస్టమ్ ఎక్కించాడు. తెర తళతళలాడింది గానీ, మీట నొక్కితే సైరన్ మూగనోము పట్టింది. ఇంతలో రేవు నుంచి ఫోను వచ్చింది. గంటలో గాలివాన, పదకొండు పడవలు సముద్రంలోనే ఉన్నాయి.

"పది నిమిషాలివ్వండక్కా, బాగుచేస్తా."

"తర్వాత చేద్దువుగాని. పాతది పెట్టు!" అంది సుకాంతి.

పెట్టాడు. సైరన్ ఊరు దద్దరిల్లేలా మోగింది.

వాన మొదలయ్యేసరికి పదకొండు పడవలూ ఒడ్డెక్కాయి. సుకాంతి మాత్రం వరండాలో తడుస్తూ నిలబడే ఉంది.

"అందరూ వచ్చేశారక్కా, లోపలికి రండి," అన్నాడు ప్రబీర్.

"వస్తాలే," అంది గానీ ఆమె సముద్రం మీంచి చూపు తిప్పలేదు. ఎప్పుడు లెక్కపెట్టినా ఆమెకు ఒక పడవ తక్కువే.